డాక్టరుకు నేను చెప్పిన తప్పు తేదీ

ఆ రోజు డాక్టరమ్మ నా పొట్ట మీద టేపు పెట్టి ఒకసారి కొలిచి, మళ్ళీ కొలిచారు. అంతకు ముందు ప్రతి చెకప్‌లోనూ ఒక్కసారే కొలిచేవారు. రెండోసారి టేపు చల్లగా తగిలినప్పుడే ఏదో తేడాగా ఉందని నాకు అనిపించింది. లేచి కూర్చున్నాక ఆమె నా ఫైలు వెనక్కి తిప్పి చూస్తూ, "ముప్పై ఎనిమిది వారాలు నిండాయి కదమ్మా. పొట్ట మాత్రం ముప్పై ఆరు వారాల సైజులోనే ఉంది. బిడ్డ గ్రోత్ ఆగిందేమో చూడాలి," అన్నారు.

పక్క కుర్చీలో మా అత్తమ్మ ఉన్నారు. నేను సరిగ్గా తినడం లేదని దిగులుగా చెప్పబోయారు. ఇది తిండి వల్ల వచ్చింది కాకపోవచ్చని డాక్టరమ్మ ఆపేశారు. బిడ్డ నిజంగా పెరగడం లేదని తేలితే లోపల ఉంచడం కంటే బయటికి తీయడమే క్షేమమని, గురువారం అడ్మిట్ అయితే నొప్పులకు మందు పెట్టి చూద్దామని, కుదరకపోతే సిజేరియన్ అని చెప్పారు. స్కాన్ చీటీ రాసిస్తూ, "సెర్విక్స్ పొడవు కూడా కొలవమని రాశాను. నొప్పులు వాటంతట అవి దగ్గర్లో వచ్చేలా ఉన్నాయా లేదా అన్నది దాన్నిబట్టి కొంత తెలుస్తుంది," అన్నారు. అట్లాంటి స్కాన్ ఒకటి ఉంటుందని నేను వినడం అదే మొదటిసారి.

ఇది పోయిన ఏడు జూలై చివర్లో జరిగింది. ఇప్పుడు మా పాపకు పది నెలలు. అది పడుకున్నాక, మధ్యలో లేచి ఏడిస్తే జో కొట్టి వచ్చి, కొంచెం కొంచెంగా రాస్తున్నాను. నాలాగా ఫైలు చేత్తో పట్టుకుని ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని.

మా అత్తగారిది కడప జిల్లా. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి మాదాపూర్‌లో రెండు గదుల వాటా కిరాయికి తీసుకున్నాం. మా వీధి చివర నిలబడితే హైటెక్ సిటీ టవర్ కనిపిస్తుంది. అప్పట్లో మా ఆయన ఆఫీసులో పని ఏమిటంటే, రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయట, వాటిని ముందే సరిచేయడం. నేను బీఎస్సీ చదివాను. చదువుకున్నదాన్నే అయినా నేను చేసిన పని ఇది.

అంతకు ముందు నవంబరులో ప్రొద్దుటూరులో మా అత్తగారింటి మేడ మీద కొత్తగా కట్టిన భాగానికి గృహప్రవేశం పెట్టుకున్నారు. సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చోవలసింది పెద్దకొడుకు, పెద్దకోడలు. అంటే మేము. అత్తమ్మ వారం ముందే ఫోన్ చేసి నా లెక్క అడిగారు. ఆ రోజుకు బయట చేరే ఇబ్బంది ఉంటే ముహూర్తం మార్చాలి, లేదా మా మరిదిని, తోడికోడలిని కూర్చోబెట్టాలి. పెళ్ళయ్యాక అత్తగారింట్లో అదే మొదటి పెద్ద కార్యం. నన్ను పక్కన పెట్టి చిన్నకోడలు పీటల మీద కూర్చుంటే అందరూ ఏమనుకుంటారోనని నాకు బెంగ. అందుకే, "అయిపోయిందత్తమ్మా, అక్టోబరు ముప్పై ఒకటినే," అని చెప్పేశాను. నాకు రావలసింది ఒకట్రెండు రోజులు వెనక్కి జరుగుతుందిలే అని నా ధైర్యం.

జరగలేదు. సరిగ్గా ఆ రోజు తెల్లవారుజామునే, నవంబరు పద్నాలుగున, వచ్చింది. అప్పటికే ఇల్లంతా చుట్టాలు, గుమ్మానికి తోరణాలు, పొయ్యి మీద పాలు. నేను ఎవరికీ చెప్పకుండా తలంటుకుని పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చున్నాను. మూడు గంటలు. కలశం ముట్టుకున్నాను, ప్రసాదం పంచాను. మా ఆయన ఆ సాయంత్రమే సెలవు లేదని బస్సెక్కారు. మిగిలిన రోజులు ఆ ఇంట్లో ఎట్లా దాచుకున్నానో నాకే తెలుసు.

నేను హైదరాబాదు వచ్చాక, ఆ నెలలోనే కడుపు నిలిచింది. డిసెంబరు చివర అత్తమ్మ కంటి పరీక్షకని మా ఇంటికి వచ్చి ఉండగా మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎల్‌ఎంపి, అంటే చివరి నెలసరి, ఎప్పుడని డాక్టరమ్మ అడిగారు. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మే సంతోషంగా, "అక్టోబరు ముప్పై ఒకటి మేడం. మా గృహప్రవేశానికి సరిగ్గా రెండు వారాల ముందు," అని చెప్పారు. డాక్టరమ్మ నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఆగస్టు ఏడు అని డెలివరీ తేదీ ఫైలు పైన ఎర్ర ఇంకుతో రాశారు.

మరిచిపోయానని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. గుర్తుంది. రెండు వారాలకు ఏమవుతుందిలే, స్కాన్ తీసినప్పుడు వాళ్ళకే తెలుస్తుందిలే అనుకున్నాను. మధ్య నెలల్లో చెకప్‌లకు మా ఆయన తోడు వచ్చేవారు. ఐదో నెలలో డాక్టరమ్మ స్కాన్ రాస్తే, అంతా బాగానే ఉంది కదా అని నేనే వాయిదా వేశాను. ఏడో నెలలో తీస్తే ఆగస్టు పంతొమ్మిది అని వచ్చింది. డాక్టరమ్మ, నెలలు ముదిరాక తీసే స్కాన్‌లో తేదీ అటూ ఇటూ అవుతుందని, ముందు చెప్పిన తేదీనే లెక్కలోకి తీసుకుంటామని చెప్పి, "మీకు డేట్స్ షూరే కదా?" అని అడిగారు. అప్పుడూ అత్తమ్మ పక్కనే ఉన్నారు. నంద్యాలలో మా అమ్మ జారిపడి కాలు విరిగి మంచం మీద ఉండడంతో పురుడు పోసే బాధ్యత అత్తమ్మే తీసుకుని, శ్రీమంతం అయిన వెంటనే మా దగ్గరికి వచ్చేశారు. నా కాళ్ళకు నూనె రాసేది, రాత్రి నేను లేస్తే తనూ లేచేది ఆమే. ఆమె ముందు ఏమని చెప్పను? షూర్ మేడం అన్నాను.

అందుకే ఆ రోజు గ్రోత్ ఆగిందేమో అన్నప్పుడు నాకు రెండు భయాలు ఒకేసారి వచ్చాయి. బిడ్డ బాగానే ఉండి, నా అబద్ధం వల్ల నెలలు నిండకుండా బయటికి తీస్తారేమోనని ఒకటి. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. వ్రతం రోజు కలశం ముట్టుకున్నందుకే బిడ్డ పెరగడం ఆగిపోయిందేమోనని. పగలు మొదటి భయం, రాత్రి రెండోది.

ఆ సాయంత్రం అత్తమ్మ ఎస్‌టీడీ బూత్ నుంచి ప్రొద్దుటూరుకు ఫోన్ చేశారు. ఎలాగూ ఆపరేషన్ కావచ్చు అన్నారు కాబట్టి మామయ్య అరగంటలో సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్ళి, గురువారం పది గంటల ఇరవై నిమిషాలకు దివ్యమైన ముహూర్తం ఉందని చెప్పారు. అత్తమ్మ దాన్ని ఫైలు అట్ట వెనక రాసుకున్నారు. మా ఇంటి ఓనరు యాదమ్మ గేదెలకు నీళ్ళు పెడుతూ ఇదంతా విని, "బిడ్డ ఎప్పుడు రావాల్నో మీరే చెప్తరు, ఏ గంటకు రావాల్నో సుత మీరే చెప్తరు. కడుపుల ఉన్నదాన్ని జర అడుగుర్రి," అంది. అత్తమ్మ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు అమీర్‌పేటలో స్కానింగ్. మామూలు స్కాన్ అయ్యాక స్కాన్ డాక్టరు, నలభై ఏళ్ళుంటాయేమో ఆమెకు, సెర్విక్స్ కొలవాలంటే లోపలి నుంచి స్కాన్ చేయాలని, అందుకు తోడు వచ్చినవాళ్ళు బయట కూర్చోవాలని చెప్పారు. అత్తమ్మ నా చెప్పులు చేత్తో తీసుకుని బయటికి వెళ్ళారు. తలుపు మూసుకుంది. కడుపు నిలిచినప్పటి నుంచి ఒక డాక్టరుతో నేను ఒంటరిగా ఉండడం అదే మొదటిసారి.

నొప్పేమీ లేదు. ఇబ్బందిగా మాత్రం ఉంది. ఆమె స్క్రీను నా వైపు తిప్పి ఒక తెల్లటి గీత చూపించారు. "ఇది సెర్విక్స్. గర్భసంచి వాకిలి అనుకోండి. నొప్పులు దగ్గరపడేకొద్దీ పొట్టిగా అవుతుంది, తెరుచుకోవడం మొదలవుతుంది. మీది మూడు పాయింట్ నాలుగు సెంటీమీటర్లు. గట్టిగా మూసుకుని ఉంది. ఇట్లా ఉన్నప్పుడు ఈ వారం, వచ్చే వారం నొప్పులు రావడం అరుదు. మందు పెట్టినా సరిగ్గా పనిచేయదు." తర్వాత కొలతలు వేసిన కాగితం తీసుకుని ఒక్కొక్కటే చెప్పారు. ఎదుగుదల ఆగిన బిడ్డలకు సాధారణంగా పొట్ట చిక్కుతుందట, తల అంతగా తగ్గదట. నా బిడ్డకు తల, పొట్ట, తొడ ఎముక, మూడూ ఒకే రకంగా రెండు వారాలు వెనక ఉన్నాయి. ఉమ్మనీరు బాగుంది, రక్తం బాగా అందుతోంది.

"బిడ్డ హాయిగా ఉందమ్మా. మీ కేలండరే తేడాగా ఉంది. డేట్స్ మీరు రాసుకున్నారా, ఎవరైనా చెప్పారా?"

మీ కేలండరే తేడాగా ఉంది అన్న మాటకు నాకు ఏడుపు వచ్చేసింది. పడుకున్నదాన్ని పడుకున్నట్టే అంతా చెప్పాను. వ్రతం, పీటలు, నవంబరు పద్నాలుగు. ఆమె తిట్టలేదు, నవ్వలేదు. చీర సర్దుకోమని చెప్పి, చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నారు. నేను భయంగా, ఆ రోజు నేను చేసిన పని వల్ల బిడ్డకు ఏమైనా అయిందా అని కూడా అడిగేశాను. "ఏమీ కాలేదు. కానీ ఈ మాట ఇక్కడే ఆగిపోతే గురువారం ఏమైనా కావచ్చు. అప్పటికి ముప్పై ఆరు వారాలే నిండి ఉంటాయి. ఊపిరి తీసుకోవడానికి కష్టపడే పిల్లలను చూశాను నేను. నేను చేసేది అంచనా. మీరు చెప్పేది నిజం. మీ డాక్టరుకు మీరే చెప్పండి," అన్నారు.

బుధవారం మళ్ళీ అదే గది, అవే కుర్చీలు. డాక్టరమ్మ రిపోర్టు చదువుతున్నారు. అత్తమ్మ ఫైలు అట్ట తిప్పి ముహూర్తం చూపించడానికి సిద్ధంగా ఉన్నారు. ఆమెను బయటికి పంపమని అడగవచ్చు. కానీ ముహూర్తం ఎందుకు వద్దన్నామో తర్వాతైనా చెప్పాలి కదా. ఇంకో అబద్ధం అల్లే ఓపిక నాకు లేదు.

"మేడం, నా ఎల్‌ఎంపి అక్టోబరు ముప్పై ఒకటి కాదు. నవంబరు పద్నాలుగు," అన్నాను.

అత్తమ్మ చేతిలోని ఫైలు ఒళ్ళోకి దిగింది. నవంబరు పద్నాలుగు ఏ రోజో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. డాక్టరమ్మ ఆ ఫైలు అడిగి తీసుకుని మొట్టమొదటి పేజీ తీశారు. డిసెంబరులో నన్ను పరీక్షించిన రోజు, ఎనిమిది వారాలని నేను చెప్పిన చోట, పక్కనే చిన్న అక్షరాలతో ఆరు వారాల సైజు అని ఆమే రాసుకుని ఉన్నారు. దాన్ని వేలితో చూపిస్తూ, "ఇది నేనూ పట్టించుకోలేదు," అన్నారు. తప్పు సగం తన మీద వేసుకున్న ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఎర్ర ఇంకు తేదీ కొట్టేసి ఆగస్టు ఇరవై ఒకటి అని రాశారు. గురువారం అడ్మిషన్ రద్దు. బిడ్డ కదలికలు లెక్క పెట్టుకోవాలి, వారానికోసారి రావాలి, రెండు వారాలకు మళ్ళీ సెర్విక్స్ స్కాన్.

అత్తమ్మే ఆటోకు డబ్బులిచ్చారు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం వండి, నాకు పెట్టి, నేను తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నారు. నేను తల ఎత్తలేదు. అప్పుడు అడిగారు.

"ఆ పొద్దు పీటల మీద మూడు గంటలు కూర్చున్నావే పాపా, నొప్పి ఉండ్లేదా నీకు?"

ఎన్ని రకాల మాటలు పడాలో రాత్రంతా ఊహించుకున్నాను. ఈ మాట మాత్రం ఊహించలేదు. "ఉండింది అత్తమ్మా," అన్నాను. ఆమె కంచం తీసి పక్కన పెట్టారు. "నాకొక మాట చెప్పింటే ముహూర్తం మార్చుకునేవాళ్ళం కదా. నేను అడిగే రకం అట్ల ఉండాదేమో, నీకు చెప్పబుద్ధి కాలే," అన్నారు. కోపం లేదని కాదు. రెండు రోజులు నాతో తక్కువే మాట్లాడారు. కానీ నూనె రాయడం ఒక్క రోజూ మానలేదు.

ఆ సాయంత్రం ఆమెతో పాటు నేనూ బూత్‌కు వెళ్ళాను. అవతల మామయ్య ముహూర్తం ఎందుకు పోగొట్టుకుంటున్నారని కేకలు వేయడం నాకు బయటికే వినిపిస్తోంది. అత్తమ్మ ఏమాత్రం తడుముకోకుండా, "కొత్త మిషన్ వచ్చిందంట ఈడ. అది చూసి తారీకు మార్చినారు. ఇంగా టైం ఉండాదంట. మిషన్ మీద మనం ఏం చెప్తాం?" అని ఫోన్ పెట్టేశారు. నా వైపు చూడకుండా ముందు నడిచారు. మా ఆయనకు మాత్రం నేనే చెప్పాను. ఆయన ఫైలు తీసి, కొట్టేసిన ఎర్ర తేదీ చూసి, "ఆఫీసులో లక్ష తేదీలు చూస్తున్నా. ఇంట్లో ఉన్న ఒక్కటీ చూసుకోలే," అన్నారు.

తర్వాత వారాలు తేలిగ్గా గడిచాయని చెప్పను. కదలికలు లెక్క పెట్టి పెట్టి, ఒక గంట బిడ్డ నిద్రపోయినా నాకు చెమటలు పట్టేవి. రెండో స్కాన్‌లో సెర్విక్స్ రెండు పాయింట్ ఆరు ఉంది. దారిలో పడింది కానీ ఇప్పుడే కాదు అన్నారు స్కాన్ డాక్టరు. దానికి మూడు రోజుల ముందే ఆగస్టు ఏడు వచ్చింది, వెళ్ళింది. ఆ తేదీ వీధిలో అందరికీ తెలుసు కాబట్టి పాలకు వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేవారు. పదకొండున పొట్ట గట్టిపడి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి పరుగెత్తాం. అవి దొంగనొప్పులని నాలుగు గంటలు ఉంచి పంపేశారు. సామాన్ల సంచితో తిరిగి వస్తుంటే యాదమ్మ గేటు దగ్గరే పట్టుకుంది. "ఏందమ్మా, ఉత్త చేతుల్తోనే వచ్చిన్రా? ఫికర్ జెయ్యకు. మీ మిషన్‌కు తెల్వకున్నా నా బర్రెకు తెలుస్తది, నువ్వు పోతుంటే తల ఎత్తి చూస్తలేదు ఇంకా," అంది. ఆ రోజు నేనూ నవ్వాను.

పద్నాలుగో తేదీ మూడో స్కాన్. ఒకటిన్నర సెంటీమీటర్లు, పై నుంచి తెరుచుకోవడం మొదలైంది. "ఇంకో వారం దాటదనుకుంటున్నాను. కానీ నేను సిద్ధాంతిని కాదు, ముహూర్తం అడగొద్దు," అన్నారు స్కాన్ డాక్టరు, ఈసారి అత్తమ్మను కూడా లోపలికి పిలిచి. అత్తమ్మ స్క్రీను మీద ఆ చిన్న గీతను చాలాసేపు చూశారు. ఇంటికి వచ్చాక మా ఆయనను ఆ వారం దూరం పోవద్దన్నారు. తెలిసిన ఆటో అతనికి చెప్పి ఉంచారు. నా బట్టలు మళ్ళీ ఉతికి సంచిలో పెట్టారు. ఎప్పుడో తెలియక బిగుసుకుపోయిన నాకు, ఈ వారంలో అన్న ఆ ఒక్క అంచనా చాలా ధైర్యం ఇచ్చింది. రోజు చెప్పకపోయినా ఫరవాలేదు. దేనికి సిద్ధం కావాలో తెలిసింది.

పద్దెనిమిదో తేదీ పొద్దున టిఫిన్ చేస్తుండగా నడుములో మొదలైంది. ఈసారి దొంగవి కావని నాకే తెలిసింది. సాయంత్రం నాలుగున్నరకు, ఆపరేషన్ లేకుండా, ఎవరూ పెట్టని గంటకు, పాప పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. పుట్టీ పుట్టగానే గదంతా వినపడేలా ఏడ్చింది. డాక్టరమ్మ కుట్లు వేస్తూ, "ఆ గురువారం తీసి ఉంటే ఈ ఏడుపు కోసం మనం ఎదురుచూడాల్సి వచ్చేదేమో," అన్నారు. నేను కళ్ళు మూసుకుని ఆ ఏడుపే విన్నాను.

ఇప్పుడు పాప పట్టుకుని నిలబడుతోంది. యాదమ్మ గేదె పాలే తాగుతోంది. నా మాట ఒక్కటే. గర్భవతులందరికీ లోపలి స్కాన్ కావాలని నేను అనడం లేదు, అది డాక్టరు నిర్ణయించే సంగతి. కానీ మీ తేదీ మీరే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మొదటిసారి డాక్టరు దగ్గర అయిదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలని అడగండి. తేదీ మీ నోటితోనే చెప్పండి, మీ బదులు ఎవరినీ చెప్పనివ్వకండి. అప్పటికే తప్పు చెప్పి ఉంటే, ఎన్నో నెల అయినా సరే, ఇప్పుడు దిద్దుకోండి.

పోయిన నెల మా తోడికోడలు నెల తప్పింది. అత్తమ్మే ప్రొద్దుటూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ అమ్మాయే నాకు ఫోన్‌లో చెప్పింది. చివరి నెలసరి ఎప్పుడని డాక్టరు అడగగానే అత్తమ్మ కుర్చీలోంచి లేచారట. "నువ్వు చెప్పుకో తల్లీ, నేను బయట కూర్చుంటా," అని, ఆ అమ్మాయి చెప్పులు కూడా చేత్తో తీసుకుని వెళ్ళి, తలుపు దగ్గరికి వేశారట.